ఎర్ర కార్డు వేలాడిన తలుపు

నాలుగు గంటలలోగా చెప్పాలట, ఆ తరువాత గది మన కోసం ఆగదట. మా అమ్మాయి ఆ పలకలాంటి యంత్రాన్ని నా ఒడిలో పెట్టి, నా కళ్ళజోడు తన కొంగుతోనే తుడిచి తిరిగి నా ముక్కు మీద నిలిపి, "జడ్జిగారూ, తీర్పు వాయిదా వెయ్యడానికి వీల్లేదు, నాలుగింటికల్లా చెప్పెయ్యాలి" అని నవ్వుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. ఇప్పుడు మూడూ అయిదు. యాభై ఏళ్ళ కాపురానికి మహానగరంలో రెండు రోజుల విలాసం, అందుకు నాలుగు హోటళ్ళు, వాటిలో ఒకటి నేను ఎంచాలి. ఇంట్లో అందరూ నన్ను జడ్జిగారనే పిలుస్తారు, వెక్కిరింతగా మొదలై అదే పేరుగా స్థిరపడింది. నేను ఏ న్యాయస్థానంలోనూ కూర్చున్నదాన్ని కాను, ఉత్తరాలు రాసినదాన్ని మాత్రమే. పెన్షను ఆగిపోయిన వితంతువుల కోసం, కారణం చెప్పకుండా బడి వాళ్ళు తీసేసిన ఊడ్పు మనిషి కోసం, వరుసలో నిలబెట్టి నిలబెట్టి రేపు రమ్మన్న ప్రతి గుమాస్తా మీదా రాశాను. తారీఖు వేసి, సమయం వేసి, ఎవరు ఏమన్నారో ఆ మాటే ఉటంకించి, కింద సంతకం పెట్టి. నా ఉత్తరం వచ్చిందంటే ఆఫీసుల్లో కుర్చీలు సర్దుకునేవారని మా ఆయన నలుగురిలో చెబుతుంటే, లోపల ఏదో ఒకటి మెల్లగా తల తిప్పుకునేది.

మొదటిది అద్దాల మేడ. పైకప్పు మీద ఈతకొలను ఉందట. ఆకాశంలో ఈత కొట్టే వయసా మాది, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించకుండా లేవలేనివాళ్ళం. వేలు జరిపాను. రెండోది తెల్లటి కట్టడం, ముందు నాలుగు గుండ్రటి స్తంభాలు, వాటి వెనక ఇత్తడి కమ్ముల తలుపు. వేలు ఆగిపోయింది. పేరు వేరు. మనిషి పేరు మార్చుకుంటే వెనక ఏదో ఉందని అనుమానిస్తాం, హోటలు పేరు మార్చుకుంటే కొత్త యాజమాన్యం అని సరిపెట్టుకుంటాం. కాని ఆ స్తంభాల మధ్య దూరం నాకు తెలుసు, వెనకవైపు పనివాళ్ళ మెట్ల మీద ఆరు అంతస్తులు ఎక్కితే ఎన్నో మెట్టు దగ్గర ఊపిరి అందదో తెలుసు. పక్కగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది, పడక్కుర్చీలో కళ్ళు మూసుకునే మాట్లాడుతున్నారు: "రెండోదే కదా? ఇంకా ఆలోచన దేనికి? పదకొండేళ్ళు ఆ కౌంటరు వెనక నిల్చుని వచ్చినవాడికల్లా గుడ్ మార్నింగ్ చెప్పాను. ఒక్కసారి చెప్పించుకుంటానోయ్."

వేలు ఆ స్తంభాల మీదే ఉంచాను. వంటగదిలో కత్తి పలక మీద పడుతోంది, టక్ టక్ టక్, ఆగింది. మళ్ళీ. ఏ చప్పుడైనా సరే, నా ప్రమేయం లేకుండానే లోపల లెక్క మొదలవుతుంది: కిటికీ రెక్క, ఎవరో మెట్లు ఎక్కడం, వాన చూరు నుంచి జారడం. మూడు దగ్గర ఆగితే చేతిలో పని ఆగిపోతుంది. నాలుగోది పడితే, హమ్మయ్య, ఇది మామూలు చప్పుడే. నలభై ఎనిమిదేళ్ళుగా నేను వింటున్నది నాలుగో చప్పుడు కోసం.

నాకు ఇరవయ్యారేళ్ళు అప్పుడు, ఆరో అంతస్తుకు సూపర్‌వైజర్ని. కాన్వెంటులో చదివిన పిల్ల అని వెంటనే తీసుకున్నారు. గోడకు గీసిన గీతలా నిలబడుతుంది, ఎదురు మాట్లాడదు, అక్షరం ముత్యం. సిస్టర్లు నేర్పినవన్నీ అక్కడ అక్కరకొచ్చాయి: దుప్పటి మూల మడత, చప్పుడు కాకుండా తలుపు మూయడం, గంట కొట్టిన క్షణానికే పని ఆపడం. ప్రతి సాయంత్రం మోకాళ్ళ మీద నిలబడి మూడు నిమిషాలు ఆ రోజు చేసిన తప్పులు గుర్తు చేసుకోవాలి. పక్కపిల్ల తప్పులు గుర్తు చేసుకోవడంలో నేను తరగతిలో మొదటిదాన్ని. హోటల్లో ఆ విద్యకే జీతమిచ్చారు. నడవా చివర, దుప్పట్లూ తువ్వాళ్ళూ పెట్టే చిన్న గదిలో మేకుకు ఒక పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఉండేవి. గదులు సర్దే ఆడవాళ్ళు ఏం చూసినా, ఏం విన్నా, కారే కొళాయి, పగిలిన గ్లాసు, మరిచిపోయిన కమ్మలు, వచ్చి నాకు చెప్పాలి. నేను సమయంతో సహా రాయాలి. వాళ్ళలో చాలామందికి చదువు రాదు కనుక వాళ్ళ నోటికి నా చెయ్యే సాక్షి. పుస్తకంలో లేనిది జరగలేదు. ఆ వాక్యం నేనే చెప్పేదాన్ని, కొత్తగా చేరినవాళ్ళకి, వేలు చూపిస్తూ. ఇక ఎర్ర కార్డు. అతిథి తన తలుపు పిడికి దాన్ని తగిలించాడంటే లోపలికి వెళ్ళకూడదు, తట్టకూడదు, తలుపు ముందు గొంతు పెంచకూడదు.

చిటికె మా అంతస్తులోనే చేసేది. చిటికెలో మంచం వేసేస్తుందని ఆ పేరు, అందరూ అలాగే పిలిచేవారు. సన్నగా ఉండేది, బూడిదరంగు యూనిఫాం ఆమె మీద హ్యాంగరుకు వేలాడినట్టు వేలాడేది. పనిలో మాట్లాడకూడదని నేను రోజూ చెప్పేదాన్ని, ఆమె రోజూ మాట్లాడేది. "మేడమ్, మీరు నవ్వితే పుస్తకంలో రాసుకుంటారా?" అని అడిగింది ఒకసారి. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఎందుకు ఆపుకున్నానో. ఒక నవ్వుకు ఏమైపోయేది నా అంతస్తు.

ఆరువందల పధ్నాలుగులో దిగిన ఆవిడ యాభై దాటిన మనిషి, ఒక్కతే వచ్చింది, కిటికీ దగ్గర రెండో కుర్చీ కావాలని అడిగింది. కుర్చీ నేనే మోసుకెళ్ళాను. "రేపు సాయంత్రం మావారు వస్తారమ్మా, రైల్లో. ఎల్లుండి మా పెళ్ళిరోజు. ముప్పయ్యో ఏడుకే రావాలనుకున్నాం, కుదరలేదు, ముప్పై ఒకటికి కుదిరింది" అంది, కుదరకపోవడం కూడా ఒక ముచ్చట అన్నట్టు. ఎన్ని హోటళ్ళు చూసి ఇది ఎంచారో చెప్పింది. ఆయన కాగితం మీద పట్టిక గీశారట, ఆవిడేమో ఆ పట్టిక చూడకుండానే స్తంభాలు బాగున్నాయని దీన్ని ఎంచిందట. స్తంభాలు బాగున్నాయని. ఇప్పుడు నా ఒడిలో అవే స్తంభాలు, సాయంత్రపు వెలుగులో తీసిన ఫోటో, కింద ఎవరెవరో బస చేసినవాళ్ళ మెప్పుమాటలు: ఎంత ప్రశాంతమో, గోడలు ఎంత మందమో, పక్కగదిలో మనుషులున్నారో లేదో కూడా తెలియదు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు.

మర్నాడు పొద్దున ఆ తలుపుకు ఎర్ర కార్డు. పదకొండూ పది నిమిషాలకు చిటికె చిన్నగదిలోకి వచ్చింది. ఆ సమయం నాకు ఎలా తెలుసంటే పుస్తకంలో అప్పుడే సమయం వేసి ఉతకడానికి వెళ్ళే దిండు గలీబుల సంఖ్య రాస్తున్నాను. పక్కనే ఉన్న ఆరువందల పన్నెండులో స్నానాలగది కడుగుతుంటే గొట్టంలోంచి చప్పుడు వినిపించిందంది. "ఎవరో కొడుతున్నట్టుంది మేడమ్. మూడుసార్లు కొట్టి ఆగుతోంది. కాసేపాగి మళ్ళీ మూడు." తల ఎత్తకుండా అడిగాను, పధ్నాలుగుకు కార్డు ఉందా అని. ఉందంది. ఎర్రదేనా? ఎర్రదే. "అయితే గొట్టాల్లో గాలి. నీ పని చూసుకో." ఆమె కదల్లేదు. "గాలి లెక్కపెట్టదు కదా మేడమ్" అంది. ఎంత సరైన మాట. నాకు ఇంత చదువు చెప్పిన సిస్టర్లలో ఎవరూ అంత సూటిగా ఒక సాక్ష్యాన్ని ముందు పెట్టి ఉండరు. నాకు కోపం వచ్చింది, సరిగ్గా ఉన్నందుకే వచ్చింది. పెన్సిలు కదుపుతూనే ఉన్నాను, గలీబులు ముప్పై రెండు, ముప్పై రెండు అని. ఆమె కదులుతున్న పెన్సిలు వైపు చూసింది, తన మాటే రాస్తున్నాననుకుంది, నిశ్చింతగా తల ఊపి వెళ్ళిపోయింది.

సాయంత్రం అయిదుకు ఆవిడ భర్త వచ్చారు, చేతిలో చిన్న పెట్టె, రైలు ధూళి అంటిన బూట్లు. తానే తలుపు తట్టారు. తరువాత నా వైపు చూశారు. నా దగ్గరున్న తాళంచెవితో తెరిచాను. స్నానాలగదిలో ఆవిడ జారి పడింది, తుంటి విరిగి కదల్లేకపోయింది, తలకు దెబ్బ. చేతిలో జుట్టు దువ్వుకునే కొయ్య బ్రష్షు, కొళాయి గొట్టం మీద పూత రాలిన చోటు. పొద్దున పడి ఉంటుందని, మధ్యాహ్నం రెండు దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆయన ఏడవలేదు. కిటికీ దగ్గర రెండు కుర్చీలు చూశారు, తరువాత నన్ను చూసి ఒక్కటే అడిగారు: "ఎవరికీ వినపడలేదా అమ్మా?" లేదండీ, అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు. తువ్వాళ్ళు పట్టుకుని చిటికె గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహం వైపే చూస్తోంది, ఇంకో వాక్యం వస్తుందని, ఇప్పుడు వస్తుందని.

ఆ రాత్రి మా ఆయన అన్నారు, "పుస్తకంలో ఏముందో అదే చెప్పు. అంతకంటే ఎక్కువ చెప్పనక్కర్లేదు." ఆయన అప్పటికి డ్యూటీ మేనేజరు, విచారణలో అందరి వాంగ్మూలాలూ రాయాల్సింది ఆయనే. మాకు పెళ్ళై రెండేళ్ళు, నాకు అయిదో నెల, ఉంటున్నది హోటలు వాళ్ళ క్వార్టరు. ఈ మూడు సంగతులనూ ఈ వరుసలోనే ఎన్ని వేలసార్లు నాకు నేను చెప్పుకున్నానో. పిల్ల కోసం. పుట్టబోయే పిల్ల కోసం. ఆ మాట నోట్లో ఎంత మెత్తగా కరుగుతుందో.

విచారణ రోజున ముందు చిటికెను ఒక్కదాన్నే పిలిచారు, తరువాత నన్ను లోపలికి రమ్మన్నారు. నాకెవరూ ఏమీ చెప్పలేదన్నాను. "చెప్పాను. మేడమ్ రాసుకున్నారు కూడా" అంది చిటికె, నన్ను కాపాడుతున్నంత నమ్మకంగా. పుస్తకం తెప్పించారు. ఆ రోజు పేజీ తెరిచి ఆమె ముందు పెట్టారు. ఆమె వంగి చూసింది, నేను నిలబడిన చోటు, పెన్సిలు కదిలిన చోటు గుర్తు పెట్టుకుంది కాబోలు, పేజీ మధ్యన ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇదే" అంది. దిండు గలీబులు, ముప్పై రెండు. జనరల్ మేనేజరు ఆ వరుస పైకి చదివాడు. ఎవరో నవ్వారు. ఆమె వేలు ఆ వరుస మీదనే ఉంది, తియ్యలేదు. ఆ వేలు. బ్లీచింగు నీళ్ళకి గోరు పక్కన చర్మం తెల్లగా లేచిన ఆ వేలు నాకు కనపడని రోజు లేదు. నేను రాసిన ప్రతి ఉత్తరం మీదా, ప్రతి సంతకం కిందా అది వచ్చి ఆగి, ఇదిగో, ఇదే, అంటుంది.

శబ్దం విని కూడా తెలియజేయలేదని, పైగా అబద్ధమాడిందని ఆమెను తీసేశారు. మా వృత్తిలో కొత్త చోటువాళ్ళు పాత చోటుకు ఫోను చేసి అడుగుతారు. ఒక్క ఫోనుతో నగరంలో తలుపులన్నీ మూసుకుంటాయి. ఆరేళ్ళ తరువాత బస్టాండులో చూశాను. పొడుగు చీపురుతో నేల ఊడుస్తోంది, నా పక్కన మా అమ్మాయి బిస్కెట్టు తింటోంది. చీపురు మా కాళ్ళ దాకా వచ్చింది, ఆగింది, చుట్టూ తిరిగి వెళ్ళింది. చూసిందా, చూడలేదా? చూసింది. పిల్ల చెప్పుల మీద దుమ్ము పడకుండా మెల్లగా తిప్పింది.

ఇరవై ఏళ్ళుగా ఆమె అడ్రసు నాకు కంఠతా వచ్చు. ఎవరిదో పెన్షను కాగితాల్లో సాక్షిగా వేలిముద్ర వేసి ఉంటే పేరు చూసి పోల్చుకున్నాను: చెల్లెలి ఇంటి వెనక ఒక గది, ఆ నగరంలోనే. కిందటేడు వాకబు చేయించాను, బతికే ఉంది, ఒక కన్ను పోయిందట. ఇన్నేళ్ళలో ఉత్తరం ఎందుకు రాయలేదంటే ఆమెకు చదవడం రాదు. ఎంత సౌకర్యమైన కారణం. నాకు వచ్చిన ఒకే ఒక్క ఆయుధం ఆ ఒక్క మనిషి దగ్గర పనికిరాదు. ఆమెకు న్యాయం జరగాలంటే నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని, నా గొంతుతో, ఆమె వింటుండగా చెప్పాలి. ఊరివాళ్ళందరికీ అడిగి ఇప్పించిన న్యాయాన్ని నేను బాకీ ఉన్న ఒక్క చోటికి నా కాళ్ళు వెళ్ళలేదు.

మూడూ నలభై. గది లోపలి ఫోటోలు చూపించమంటూ వేలు దానంతట అదే జరిగింది. పెళ్ళిరోజు జంటల కోసం ప్రత్యేకంగా, ఆరో అంతస్తు, విశాలమైన సూటు గది. కిటికీ పక్కన గోడలోంచి పొడుచుకొచ్చిన దిమ్మ చూసి పోల్చుకున్నాను. పన్నెండునూ పధ్నాలుగునూ కలిపేశారు. మధ్యగోడ లేదు. ఏ గోడలోంచి ఆ గొట్టం వెళ్ళిందో, ఏ గోడ అవతల ఒకావిడ కొయ్య బ్రష్షు ఎత్తి, మూడుసార్లు కొట్టి, ఎవరైనా విన్నారా అని చెవి ఒగ్గి ఆగిందో, ఆ గోడ ఉన్న చోట ఇప్పుడు వెడల్పాటి మంచం, దాని మీద గులాబీ రేకులు. ఆగినప్పుడు ఆవిడ ఏం వింది? అదే నన్ను వదలనిది. కొట్టడం కాదు, ఆ ఆగడం. ఆ నిశ్శబ్దంలో ఆవిడకు నడవాలో నా చెప్పుల చప్పుడు వినపడే ఉంటుంది, దగ్గరికొచ్చి, తలుపు ముందు మరింత మెల్లగా, నియమం ప్రకారం, దాటిపోవడం. ఆ మంచం మీద నేను పడుకోవాలి. ఆయన పక్కన. మమ్మల్ని అభినందిస్తూ కార్డు పెడతారట.

"అమ్మాయీ, ఇలా రా" అన్నాను. "కాగితం తీసుకురా."

"హోటలు పేరు చెబితే చాలమ్మా, ఫోన్లోనే అయిపోతుంది. కాగితమెందుకు?"

"ఒక ఉత్తరం ఉంది. నేను చెబుతాను, నువ్వు రాయి."

"ఎవరి మీద జడ్జిగారూ ఈసారి? పాలవాడి మీదా?" అంటూనే నా మొహం చూసి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాను. సంవత్సరం, నెల, అంతస్తు. ఆవిడ, ఎర్ర కార్డు, చిటికె. పదకొండూ పది నిమిషాలకు ఆమె వచ్చి నాకు చెప్పింది, నేను రాయలేదు, అడిగినప్పుడు లేదన్నాను. రాస్తూ రాస్తూ మా అమ్మాయి కలం నెమ్మదించింది. పక్కగదిలో పడక్కుర్చీ కిర్రుమంది. ఆయన గుమ్మంలోకి వచ్చి తలుపుచెక్క పట్టుకుని నిలబడ్డారు.

"ఇప్పుడెందుకోయ్ ఇదంతా?"

"అది నాకు చెప్పింది. మీరు నా మాట నమ్మి అది చెప్పలేదని రాశారు. మీకు తెలియాలి."

ఆయన మా అమ్మాయి చేతిలోని కాగితం వైపు చూశారు. నాకు తెలిసిన మొహమే, యాభై ఏళ్ళు ఎదురుగా కూర్చుని తిన్న మొహం, కాని లోపలినుంచి ఇంకెవరో దాన్ని ఇప్పుడే తొడుక్కున్నట్టుంది. "తెలుసు" అన్నారు. "నువ్వు కాదన్నాక కిందికొచ్చింది. పదకొండూ ఇరవైకి. కౌంటరు దగ్గరికి, తడిచేతులతో, అంతమంది పెద్దమనుషుల మధ్యకి. సార్, మేడమ్ గాలి అంటున్నారు, మీరొకసారి వినండి సార్ అంది. యూనిఫాంతో ఇక్కడికొస్తావా, పో పైకి అన్నాను. విచారణలో అదీ చెప్పింది, నిన్ను లోపలికి పిలవకముందే. నేను రాయలేదు."

నలభై ఎనిమిదేళ్ళు. నేను ఆయన్ని మోసం చేశాననుకుంటూ ఆయన పళ్ళెంలో వడ్డించాను. ఆయన నన్ను కాపాడుతున్నాననుకుంటూ తిన్నారు. లేక తనను తాను. ఒకే కప్పు కింద, చెరో గదిలో, ఎవరి తలుపుకు వాళ్ళం కార్డు తగిలించుకుని. ఆయన మీద అరవాలనిపించింది, అరిచే హక్కు కోసం లోపల వెతుక్కున్నాను, దొరకలేదు. "కూర్చోండి" అన్నాను. "మీ మాట మీరే చెప్పండి. అమ్మాయి రాస్తుంది. ఎల్లుండి బయలుదేరి వెళ్ళి చిటికెకు చదివి వినిపించాలి, ఇద్దరం."

"మొహాన తలుపేస్తే?"

"వేస్తుంది. బయట నిలబడి చదువుదాం."

ఆయన కుర్చీ అంచున కూర్చుని, పాత అలవాటు చొప్పున గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా ఆఫీసు భాషలో చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో ఆ భాష విరిగిపోయింది, మామూలు మాటలు వచ్చాయి. మా అమ్మాయి అన్నీ రాసింది. రాసి, పై నుంచి తారీఖు మళ్ళీ చూసుకుంది, వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. ఆమె కళ్ళు నిండాయి, మొహం మెత్తబడింది, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అప్పటికి నేను నీ కడుపులో ఉన్నాను కదమ్మా. ఉద్యోగాలు పోయి, ఇల్లు పోయి... నువ్వేం చేస్తావు మరి. నా కోసమే కదా చేశారు."

ఆయన తల ఎత్తి ఆశగా నా వైపు చూశారు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, ఎప్పటిలాగే మెత్తగా, కరగడానికి సిద్ధంగా.

"కాదు" అన్నాను. "నీ మీద పెట్టను. మా కోసం చేసుకున్నాం. అది కూడా రాయి."